నా వంతు రమ్ము

సెప్టెంబరు రెండో వారం. మధ్యాహ్నం పన్నెండున్నరకు లద్దాఖ్‌లో మా సైనిక పోస్టు చేరాం. ఎత్తు పదహారు వేల అడుగులు. వీపున ఇరవై రెండు కిలోల బరువు. చుట్టూ ఎక్కడా పచ్చని ఆకు లేదు. మంచు శిఖరాల మీద ఎండ మండుతోంది. బైబిల్లో దేవుడు పలికిన మండే పొద ముందు చెప్పులు విడిచిన మోషే గుర్తొచ్చాడు. నాకూ బూట్లు విప్పాలనిపించింది. చలి విప్పనివ్వలేదు.

మాది గురజాల. మా రేడియో ఆపరేటర్‌ది వెల్దుర్తి, ఇరవై మూడేళ్ళవాడు. పోస్టులో వారానికి రెండుసార్లు మనిషికింతని కొలిచి రమ్ము ఇచ్చేవారు. నేను క్రైస్తవ సంఘంలో పెరిగినవాణ్ణి, తాగను. నా వంతు పారబోయడమెందుకని వాడి మగ్గులో పోసేవాణ్ణి.

"ఏంది అన్నా, మీ దేవుడు నాకు డబుల్ రేషన్ పంపిస్తన్నాడా?"

"నోరు మూసుకొని తాగరా."

నా చేతులు శుభ్రంగా ఉన్నాయనుకున్నాను. ఐదు నెలలు పోశాను. వాడికి రెండు వంతులు అలవాటయ్యాయి.

ఫిబ్రవరిలో వాడు సెలవుకు వెళ్ళొచ్చాడు. జూన్‌లో అందరం కిందికి దిగాక రక్తదానం చేశాం. మూడో రోజు డాక్టర్ వాణ్ణొక్కణ్ణే పిలిచాడు. హెచ్‌ఐవి.

గుడారం వెనక కూర్చుని వాడే నాకు చెప్పాడు. "సెలవులో చానా తాగానన్నా. దోస్తులతో లాడ్జికి పోయా. ఎవరో ఏందో గుర్తులేదు. మత్తులో జాగ్రత్త ఏడుంటది? తాగకపోతే ఆ గది గుమ్మం తొక్కేవాణ్ణా?"

"ఆ అలవాటు చేసింది నేనేరా."

"పో అన్నా. నువ్వు పోశావు. తాగింది నేను."

ఇప్పుడు ఇద్దరం సైన్యం వదిలి ఇంటి దగ్గరే ఉన్నాం. వాడూ మా సంఘంలో చేరాడు, చుక్క ముట్టడు. నరసరావుపేట ఆసుపత్రిలో ఇచ్చే మాత్రలు రోజూ వేసుకుంటాడు. ఆ చిన్న మాత్రలు వాణ్ణి పొలం పని చేసేంత గట్టిగా నిలబెట్టాయి. దేవుడి పని అని నేను నమ్ముతాను.

ఒక ఆదివారం మా గుడిలో యువకుల ముందు వాడే లేచి అంతా చెప్పాడు. "మందు పడితే భయం పోద్దిరా తమ్ముళ్ళూ. మనల్ని కాసేది ఆ భయమే."

తర్వాత ప్రభు బల్ల, యేసును తలచుకుని రొట్టె, రసం పంచుకునే వేళ. మా సంఘంలో అందరికీ ఒకటే గిన్నె, అందులో ద్రాక్షరసం. వాడి వెనక నేను, నా వెనక వరస ఆగిపోయింది. గిన్నెతో అంటదని డాక్టర్లు చెప్పింది అందరికీ తెలుసు. అయినా కాళ్ళు కదలలేదు.

"నేను చివర తీసుకుంటాలే అన్నా," అన్నాడు మెల్లగా.

"తాగరా," అన్నాను.

తాగి నా చేతికిచ్చాడు. చెప్పుల్లేని పాదాల కింద నాపరాయి చల్లగా ఉంది. శిఖరాల ముందు బూట్లు విప్పాలనిపించిన క్షణం గుర్తొచ్చింది. గిన్నె అంచున వాడి పెదవుల తడి మెరుస్తోంది. సరిగ్గా అక్కడే నా పెదవులు పెట్టాను.

వెనక వరస కదిలింది.