నుమజు నుంచి వచ్చిన మిడ్‌ఫీల్డర్

ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసిందల్లా ఒక్కటే: బంతి దగ్గరికొస్తే గట్టిగా తన్నాలి. బందరులో పెరిగినవాణ్ణి, క్రికెట్ తప్ప మరో ఆట ఎరగను. అయినా అమెరికా వచ్చాక, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా శ్రీవల్లిని గర్ల్స్ టీమ్‌లో చేర్పించిన మొదటి శనివారమే మైదానం గీత పక్కన నిలబడి "తన్నవే, తన్ను!" అని ఊరంతా వినబడేలా అరిచాను. సన్నటి జపాన్ మనిషి ఒకాయన నడిచొచ్చి, నడుం కాస్త వంచి, "సర్, ప్లీజ్. ఆమె ఆలోచిస్తోంది" అన్నాడు ఇంగ్లిష్‌లో. నాకు ఒళ్లు మండింది. కూతురు నాది, గొంతు నాది, మధ్యలో ఈయనెవరు?

ఆయనే కోచ్, షిన్యా కురహాషి. వాళ్ల నాన్న నుమజు అనే రేవు పట్నంలో ఎండుచేపలు అమ్మేవాడని తెలిశాక నా కోపం సగం దిగింది. సముద్రం పక్కన పుట్టినవాళ్లం కదా, ఎంతైనా ఒక ఊరివాళ్లలాంటివాళ్లం. అక్కడి సెకండ్ డివిజన్‌లో ఏళ్ల తరబడి మిడ్‌ఫీల్డర్‌గా ఆడాడాయన. గోల్ కొట్టడం ఆయన పని కాదు, కొట్టేవాడి కాళ్ల దగ్గరికి బంతి చేర్చడం ఆయన పని. పేరంతా కొట్టినవాడికే. దేశం జట్టు నుంచి పిలుపు రానేలేదు. మోకాలు రెండోసారి దెబ్బతిన్నాక ఆట మానేసి, ఇక్కడి కార్ల కంపెనీల్లో పనిచేసే జపాన్ కుటుంబాల పిల్లలకి నేర్పడానికి మిషిగన్ వచ్చాడు. తర్వాత మా క్లబ్ తీసుకుంది. వీసా కూడా క్లబ్ పెట్టిందే.

ఆయన నేర్పే పద్ధతి చూస్తే మొదట్లో నవ్వొచ్చేది. బంతి రాకముందే భుజం మీదుగా వెనక్కి చూడాలి. ఆయన వెనక నిలబడి వేళ్లు చూపిస్తాడు, ఎన్ని వేళ్లో చెప్పాకే బంతి అందుకోవాలి. మా శ్రీవల్లి పరుగులో నత్తకి అక్క. కానీ ఈ వెనక్కి చూడటం మాత్రం దానికి పిచ్చిలా పట్టుకుంది. దోసె తింటూ కూడా వెనక్కి చూసేది.

"ఏంటే, వెనకాల డిఫెండర్ ఉన్నాడా?" అని వాళ్లమ్మ రేణు ఆటపట్టించేది.

"చట్నీ ఉంది మమ్మీ!" అనేది.

రెండో ఏడు టీమ్ వరసగా ఓడింది. కురహాషి మాత్రం బాగా ఆడేవాళ్లనీ ఆడనివాళ్లనీ ప్రతి మ్యాచ్‌లోనూ సగం సగం దించేవాడు. సీజన్ చివర్లో, పేరెంట్స్ తరఫున టీమ్ పనులు చూసే అనురాధ మా అందరికీ ఫోన్ చేసింది.

"ఆఖరి మ్యాచ్ గెలవకపోతే మనం కింది డివిజన్‌కి వెళ్లిపోతామండీ. అప్పుడు కోచ్ కాంట్రాక్ట్ రెన్యూ చేయరట. పిల్లలకి చెప్పకండి."

కాంట్రాక్ట్ పోతే వీసా పోతుంది. ఆ మాట మా తెలుగువాళ్లకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

శనివారం పార్కింగ్ లాట్‌లో రేణూ నేనూ కురహాషిని పట్టుకున్నాం. మామూలుగా పేరెంట్స్ అంతా 'మా అమ్మాయిని ఇంకాస్త ఆడించండి' అని ఆయన ప్రాణం తీస్తారు. నేను చేతులు జోడించి ఉల్టా అడిగాను: "కోచ్, ఇవాళ మా శ్రీవల్లిని బెంచ్ మీద కూర్చోబెట్టేయండి. బాగా ఆడేవాళ్లని దించండి. మీ వీసా విషయం మాకు తెలుసు."

ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. నడుం వంచి, "థాంక్యూ. సెకండ్ హాఫ్, శ్రీవల్లి మిడ్‌ఫీల్డ్" అన్నాడు. అంతే, వెళ్లిపోయాడు.

"మొండిఘటం!" అన్నాను.

ఆట ముగియవస్తోంది, స్కోరు ఒకటి ఒకటి. డ్రా అయినా మేం మునిగినట్టే. అప్పుడు మధ్యలో ఉన్న శ్రీవల్లి వైపు బంతి దూసుకొచ్చింది. ఎదుటి జట్టు పిల్లలిద్దరు మీదపడుతున్నారు. నేను మర్యాద, కోచ్ చెప్పిన మాట అన్నీ మరిచి "తన్నవే తల్లీ!" అని గొంతు చించుకున్నాను.

అది తన్నలేదు. కనీసం తాకలేదు. ఒకసారి భుజం మీదుగా చూసి, కాళ్లు ఎడం చేసి, బంతిని మధ్యలోంచి పోనిచ్చింది!

నేను తల పట్టుకుని కూలబడ్డాను. అయిపోయింది, కురహాషి బతుకు నా కూతురి కాళ్ల మధ్యలోంచి పోయింది అనుకున్నాను. అంతలో రేణు నా చొక్కా పట్టి గుంజింది. "చూడండీ, చూడండీ!" శ్రీవల్లి వెనకనుంచి మా టీమ్ పిల్ల రష్మి పరిగెత్తుకొస్తోంది, బంతి సరిగ్గా దాని కాళ్ల దగ్గరే ఉంది. మీదపడ్డ ఇద్దరూ శ్రీవల్లిని చుట్టుముట్టి అక్కడే ఉండిపోయారు. రష్మి ఒక్కటిచ్చింది. గోల్!

విజిల్ మోగేసరికి మేమంతా గీత దాటి లోపలికి ఉరికాం. నేను కురహాషిని ఎత్తేశాను. ఆయన ఏడుస్తున్నాడు, నేనూ ఏడుస్తున్నాను, అనురాధ సరేసరి. పిల్లలు బిత్తరపోయి చూస్తున్నారు.

"నాన్నా, వై ఆర్ యూ క్రయింగ్? మనం సిక్స్త్ ప్లేస్ వచ్చింది అంతే!" అంది శ్రీవల్లి.

"కోచ్ వచ్చే ఏడు కూడా మనతోనే ఉంటారమ్మా, అందుకు."

అది నన్నో వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది.

"అఫ్‌కోర్స్ ఉంటారు నాన్నా. వేర్ ఎల్స్ విల్ హీ గో?"