అడిగి తెచ్చిన ఎక్స్‌రే పటాలు

యుద్ధం నడుస్తున్న ఏళ్లలో నా భార్యకు దగ్గు పట్టుకొని వదలలేదు. మదురైకి తీసుకపోయి ఊపిరితిత్తులు కనపడేట్టు రొమ్ముకు ఎక్స్‌రే పటం తీయించినాను. అక్కడ పటం తీసే మనిషి ఉన్నాడు గాని, దాన్ని చదివే డాక్టరు మిలిటరీలో చేరిపోయినాడంట. మద్రాసు పోదామంటే జపాను బాంబుల భయంతో అక్కడివాళ్లే ఊరు విడిచి వస్తున్నారు.

మా రాజపాళయంలో ఒక డాక్టరు ఉండె. ఈ పటాలు చదివేదానికే మద్రాసులో శిక్షణ పొందినవాడు. లైబ్రరీలో ఎక్స్‌రే గురించి నేను చదివిందంతా ఆయనకు చెప్పినాను. ఆయన పటాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి, చాలాసేపు చూసి దించినాడు.

"నువ్వు చదివింది నీకు జ్ఞాపకముందప్పా. నేను నేర్చుకొన్నది పోయింది. అక్కడ దినమూ చూస్తుంటిని. ఇక్కడ ఏడాదికి ఒకటో రెండో వస్తాయి. ఈ మచ్చ క్షయ జబ్బో, ఎప్పుడో మానిన గాయమో చెప్పలేను."

జబ్బయితే ఆమె పాలు తాగే బిడ్డను విడిచి కొండమీది శానిటోరియానికి పోవాలి. కాకపోతే ఇంట్లోనే ఉండవచ్చు.

"ఊర్లో పాత పటాలుంటే అడిగి తీసుకురా. ఎవరివో చెప్పొద్దు. నేను చదువుతాను. వాళ్లేమైనారో తెలుసుకొని, నేను చెప్పింది తప్పో ఒప్పో నువ్వు చెప్పు" అన్నాడు.

మిల్లు పని ముగించి, అలసిన కాళ్లతో ఇండ్లు తిరిగినాను. ఎక్స్‌రే పటాన్ని మా వైపు ఎవరూ పారెయ్యరు. పెట్టెలో పట్టుచీరల కింద దాస్తారు. పక్కూరు సత్రపట్టిలో ఒక అవ్వ తన మొగుడి పటం ఇస్తూ, "ఉన్నన్నాళ్లూ ఆయన్ను ఎవరూ సరిగ్గా చూడలేదు నాయనా, ఇప్పుడన్నా చూడమను" అన్నది.

డాక్టరు మొదట చదివింది దాన్నే. "ఇతనికేమీ లేదు" అన్నాడు. "ఈ జబ్బుతోనే పోయినాడు" అన్నాను. కుర్చీలో కూలబడి మొహం తుడుచుకొన్నాడు.

ప్రతి సాయంకాలం అదే పని. బతికినవాళ్లను చంపినాడు, పోయినవాళ్లను బతికించినాడు. నేను నిజం చెప్పినాక మళ్లీ అదే పటం ఎత్తి వెతికేవాడు. రాను రాను తప్పులు తగ్గినాయి. ఇంటికి పోతే నా భార్య, "లైబ్రరీ అంతా చదివినారు కదా, నా రొమ్ములో ఏముందో మీరే చదవరాదా?" అని ఎత్తిపొడిచేది. నవ్వే ఓపిక నాకు లేదు.

ఒకనాడు డాక్టరు తానే ఆమె పటం అడిగి తీసుకొన్నాడు. ఈసారి ఎక్కువసేపు పట్టలేదు.

"జబ్బే. ఎడమ పక్క, పైన. చిన్నదే. పంపించు."

నమ్మకుండా ఉండే దారి నాకు లేకపోయింది. పటం చదివే ఆ కన్ను తిరిగి వచ్చేదాన్ని దగ్గరుండి చూసినవాణ్ని.

బిడ్డను మా అమ్మ చేతికిచ్చి, బండి ఎక్కబోతూ నా భార్య అడిగింది.

"నా పటం ఎక్కడుంది?"

"డాక్టరు దగ్గరే."

"అక్కడే ఉండనీండి. దినమూ చూడమనండి. నేను తిరిగి వచ్చినాక ఇంకోటి తీస్తారు. అప్పటికి ఆయన మళ్లీ మరచిపోతే ఎట్లా?"