పచ్చగా దిగిన నీళ్ళు

విజయనగరంలో డిగ్రీ పిల్లలకు యూరప్ చరిత్ర చెప్పి పొట్టపోసుకుంటున్న రోజులవి. పునరుజ్జీవన కాలం నాటి వైద్యుల దగ్గరికి వచ్చేసరికి క్లాసు గొల్లుమనేది. రోగి మూత్రాన్ని గాజు బుడ్డిలో పోసి, వెలుతురుకి ఎత్తి పట్టుకుని, రంగును బట్టి రోగం తేల్చేవారు. ఒంట్లో చెడ్డ పైత్యం పోవాలని నరం కోసి రక్తం వదిలించేవారు. రోగి నీరసించి కదలకుండా పడుకుంటే జబ్బు దిగిందనుకునేవారు. పిల్లలతోపాటు నేనూ నవ్వేవాణ్ణి.

ఆ ఏడే మా బావకు పచ్చకామెర్లు వచ్చాయి. సముద్రం మీద వేటకు వెళ్ళే మనిషి, మంచం పట్టాడు. కబురు తెలిసి శ్రీకాకుళం తీరాన ఉన్న మా ఊరు వెళ్ళేసరికి అక్క ముఖం తేటగా ఉంది. కోటబొమ్మాళి వైపు పసరు మందు ఇచ్చే ముసలాయన దగ్గరికి బావను తీసుకెళ్ళిందట. చేతులకు ఏదో బెరడు రసం పూసి, సున్నపు తేటలో కడిగిస్తే నీళ్ళు పచ్చగా దిగాయట.

"రోగం దిగిపోనాదిరా," అంది.

బావ కళ్ళు పసుపు పూసినట్టున్నాయి. మాట తడబడుతోంది. నాకు భయం వేసింది, ఆ భయంలోంచి కోపం వచ్చింది. మళ్ళీ కడగమని ముసలాయన ఇచ్చి పంపిన రసం నా చేతులకే రాసుకుని, అక్క ఎదుట సున్నపు తేటలో కడిగాను. నీళ్ళు అచ్చం అలాగే పచ్చబడ్డాయి.

"సూడు. నాకేటి రోగం? ఎవుడు కడిగినా ఇంతే."

అక్క గిన్నెలోకి చూసింది. ముఖం పాలిపోయింది.

"నీకూ ఉన్నాదేటిరా," అంటూ నా కంటి రెప్ప కిందికి లాగి చూసింది.

అంత చదువూ ఆ గిన్నె ముందు ఎందుకూ కొరగాలేదు. బావను ఆసుపత్రికి తీసుకెళ్దామని ఎంత మొత్తుకున్నా అక్క వినలేదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ముసలాయన బావకు తాగమని ఇచ్చిన పసరు నేనూ తాగితే, బావను పెద్దాసుపత్రికి పంపుతుంది. ముక్కు మూసుకుని తాగేశాను. ఆటోలో బావ తల నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

కాలేయం చెడిపోయింది, ఆలస్యం చేశారన్నారు డాక్టర్లు. బావ తిరిగి రాలేదు.

పెద్దకర్మ అయ్యాక నేను బయల్దేరుతుంటే అక్క నా అరచేతులు తిప్పి తిప్పి చూసింది. ఆమె గొంతులో నా మీద కోపం లేదు. ఉంటే బాగుండేది.

"నువ్వు మందు తాగినావు, నిలబడ్డావు," అంది. "ఆయన్నే నాను ఆస్పత్రికి ఒగ్గీసినాను."