మెరక మీద హరిబాబు గేరు

హరిబాబు తన పాత నల్ల సైకిలును నడిపించుకుంటూ నా రిపేరు షాపుకొచ్చి, "ఖాదర్ భాయ్, దీనికి గేర్లు ఎయ్యి" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ బండికి గేర్లేమిటి! ముసలి ఎద్దుకు కొత్త గజ్జెలు కట్టినట్టు.

"దండగ పని. ఫ్రేమే వంకర పోయింది. ఏదైనా మోపెడ్ చూసుకో."

"మోపెడ్డా? ఆ ఇంజను సప్పుడంటేనే బయ్యం నాకు. దండగో గిండగో, మెరక ఎక్కాల."

అసలు సంగతి అప్పుడు చెప్పాడు. అతని భార్య కనకదుర్గ రోజూ వెనక క్యారియర్ మీద కూర్చుని చోడవరం బజారుకు కూరగాయలు అమ్మడానికి వచ్చి, చీకటి పడ్డాకే ఇంటికి పోతుంది. వచ్చే దారిలో మెరక రాగానే దిగిపోయి సైకిలును వెనకనుంచి తోస్తుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ అదే వాడుక. ఇప్పుడు మోకాలు వాచింది. మెరక నడవొద్దన్నాడు డాక్టరు.

"బజారు మానీమంటే మూతి ముడుసుకుని కూకుంది, భాయ్. ఇంట్లో కూకుంటే పిచ్చెక్కిపోతాదంట."

ఇంకేమంటాను! గొణుగుతూనే వెనక పళ్ళ చక్రాలు మార్చి, గేరు బిగించి, కొత్త చైను, కొత్త బ్రేకులు వేశాను. ఎక్కకపోతే నన్ననొద్దని ముందే చెప్పేశాను.

మర్నాడు పొద్దున్నే మెరక పైన స్కూటరు ఆపి నిలబడ్డాను. నా మాటే నెగ్గుతుందని చూడ్డానికే, దాచడమెందుకు! హరిబాబు హేండిలుకు కూరగాయల సంచులు తగిలించుకుని కిందనుంచి వస్తున్నాడు. అబ్బో, ఏం హుషారు!

"సూసేవా, దూదిలాగ ఎలా పోతందో! ఆ భాయికి ఏటీ తెల్దు!" అని వెనక్కి తిరక్కుండా భార్యతో అరుస్తున్నాడు.

నాకు నవ్వాగలేదు. క్యారియర్ ఖాళీ. కనకదుర్గ కుంటుకుంటూ, తల వంచుకుని, ఎప్పట్లాగే వెనకనుంచి తోసుకొస్తోంది.

పైకొచ్చి చూసుకున్నాక హరిబాబు మొహం మాడిపోయింది. "ఒసే, ఎప్పుడు దిగిపోనావే?"

"ఏటో, మెరక రాగానే కాళ్ళే దిగిపోనాయి" అంది రొప్పుతూ.

"ఈ మాటు దిగేవంటే నామీదొట్టే!"

మళ్ళీ కిందికెళ్ళి మొదలుపెట్టారు. గడ్డిమోపు నెత్తినెట్టుకున్న ఆడమనిషి కూడా వాళ్ళని దాటిపోయింది. వెనక చెరకు ట్రాక్టరు హారన్ కొడుతోంది. హరిబాబుకు చెమటలు కారిపోతున్నాయి. కనకదుర్గ రెండు చేతులా క్యారియర్ పట్టుకుని, మళ్ళీ ఎక్కడ దిగిపోతాయోనని కాళ్ళు పైకి ముడుచుకుంది. నాకు తెలియకుండానే నేను "తొక్కు, తొక్కరా బాబూ!" అని కేకలు పెడుతున్నాను. ఎక్కేశాడు!

"ఇప్పుడు సెప్పు భాయ్, దండగేనా?"

ఒప్పుకున్నాను. చాలా సంతోషంగానే ఒప్పుకున్నాను. కనకదుర్గ మాత్రం మా ఇద్దరి మాటా వినడం లేదు. క్యారియర్ మీంచి దిగకుండానే వెనక్కి తిరిగి, కింద చెరకు తోటల వైపు చూస్తోంది.

"పెళ్ళయిన కాడ్నుంచీ ఈ దార్నే వస్తన్నాను గదా, బాబూ" అంది నాతో. "ఇక్కడ్నుంచి మా ఊరు అవుపడతాదని ఇన్నాళ్ళూ తెల్దు నాకు. ఎప్పుడూ ఈ క్యారియరే సూసేను."