టైలరమ్మ ముక్కు దక్కిన రోజు

టైలరమ్మకు నోటి దురుసు ఎక్కువ, పనితనం అంతకన్నా ఎక్కువ. డాక్టర్లు వేసుకునే తెల్లకోట్లు కుట్టడంలో ఆ చుట్టుపక్కల ఆమెకు సాటి లేరు. కోటు జేబు మీద డాక్టరు పేరు, ఆ పక్కన చదువుల అక్షరాలు నీలం దారంతో కుట్టాలి. ఆ అక్షరాలంటేనే ఆమెకు ఒళ్లుమంట. "పేరు జానెడు, తోక బారెడు! ఇన్ని చదువులు ఎవరడిగారమ్మా?" అని మొహం మీదే అనేసేది.

పనికి చేరినవాళ్లను మాత్రం ఏడాది దాకా కత్తెర ముట్టనిచ్చేది కాదు. అంత గట్టి మనిషీ తన మొహం దగ్గరికొచ్చేసరికి బోర్లా పడింది.

ముక్కు పక్కనుంచి నోటిదాకా రెండు గీతలు దిగాయి. వచ్చినవాళ్లంతా "ఏంటమ్మా, కోపంగా ఉన్నావా?" అని అడగడమే. లేదు, లేదు అనీ అనీ ఆమెకు నిజంగానే కోపం వచ్చేది. పదేళ్లుగా ఆమె కనుబొమ్మలు తీరుస్తున్న పార్లరమ్మాయి ఒకరోజు, "అక్కా, ఆ గీతలు నింపే ఇంజెక్షన్ నేర్చుకున్నా. పావుగంట పని," అంది. ఎక్కడ, ఎన్నాళ్లు నేర్చుకున్నావని టైలరమ్మ అడగలేదు. ఈ పిల్ల చెయ్యి మంచిది, పదేళ్లలో ఒక్క వెంట్రుక అటూ ఇటూ కానివ్వలేదు, ఇంకేం కావాలి అనుకుంది. అక్కడే తప్పులో కాలేసింది.

ఆ ఉదయం కుడివైపు సూది దిగగానే చెంప భగ్గుమంది. "కాస్త నొప్పి మామూలేనక్కా, ఐసు పెట్టుకో," అని పార్లరమ్మాయి పంపేసింది. ఇంట్లో కోట్లు ఇస్త్రీ చేస్తున్న భర్త ఆమెను చూసి చేతిలో పెట్టె పక్కన పెట్టేశాడు.

"ఏమే, నీ ముక్కేంటి, ఓ పక్క సున్నం కొట్టినట్టుంది?"

అద్దంలో చూసుకుంది. కుడి ముక్కుపుటం తెల్లగా పాలిపోయింది. పక్కనే చెంప మీద వల పరిచినట్టు నీలపు మచ్చలు. ఫోన్ చేస్తే పార్లరమ్మాయి "రేపటికి తగ్గిపోతుందక్కా" అంటోంది గానీ ఆ మాట మీద తనకే నమ్మకం లేనట్టుంది. భర్త ఇస్త్రీ బల్ల మీది కోటు ఎత్తి జేబు చూపించాడు.

"ఈ పొడుగు తోక డాక్టరమ్మ చర్మం డాక్టరేగా? పద, ఆ పిల్లని కూడా అక్కడికే రమ్మంటా."

డాక్టరమ్మ వేలితో ముక్కు నొక్కి వదిలింది. వెంటనే తిరిగి రావాల్సిన ఎరుపు రాలేదు.

"నయం, ఆలస్యం చెయ్యకుండా వచ్చారు. వేసిన మందు రక్తనాళానికి అడ్డుపడింది. ఆ ఐసు అవతల పారెయ్యండి, వేడిగుడ్డ పెట్టాలి."

"నా ముక్కు దక్కుతుందా అమ్మా?"

"రక్తం అందకపోతే చర్మం చచ్చిపోతుంది. అంతదాకా రానివ్వను. దాన్ని కరిగించే మందు నా దగ్గరుంది."

మందు ఎక్కించింది, వేళ్లతో మర్దన చేసింది. గంట ఆగి నొక్కితే ఇంకా తెలుపే. మళ్లీ ఎక్కించింది.

"ఆ పిల్ల చెయ్యి మంచిదేనమ్మా," అని గొణిగింది టైలరమ్మ.

"కాదనను. కానీ ఏ నాళం ఎక్కడ పోతుందో చదవాలి, శవాలను కోసి చూడాలి, పెద్దవాళ్ల ఎదుట వందసార్లు చెయ్యాలి. ఇంత చేసినా నాకూ పొరపాటు జరగొచ్చు. జరిగితే అప్పటికప్పుడు గుర్తుపట్టాలి, విరుగుడు పక్కనే ఉండాలి. ఆమె దగ్గరుందా?"

టైలరమ్మ నోరు మూతపడింది. ఇన్నేళ్ల కాపురంలో భర్త ఆ వింత చూడటం అదే మొదలు.

మూడోసారి ఎక్కించాక, సాయంత్రం ఎండ కిటికీలోకి వాలుతుండగా డాక్టరమ్మ మళ్లీ నొక్కింది. వేలు తీసీ తీయగానే ఎరుపు ఉరికొచ్చింది.

"వచ్చేసింది!" అని డాక్టరమ్మే అరిచింది. "రేపు పొద్దున్నే మళ్లీ చూపించుకోండి. ముక్కుకేం ఫర్వాలేదు."

టైలరమ్మ అద్దం లాక్కుని తనే నొక్కుకుంది, వదిలింది, మళ్లీ నొక్కుకుంది. ప్రతిసారీ ఎరుపు వచ్చింది. హమ్మయ్య! గుండెల మీంచి బండ దిగింది. భర్త భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

బయట బెంచీ మీద పార్లరమ్మాయి తన సూదుల సంచి ఒళ్లో పెట్టుకుని ముడుచుకుని కూర్చుంది. టైలరమ్మ నాలుక మీద తిట్లన్నీ వరసగా సిద్ధంగా ఉన్నాయి.

"ఎన్నాళ్లు నేర్చుకున్నావే?"

"రెండ్రోజులక్కా."

"ఇంకెవరికైనా వేశావా?"

"లేదక్కా, నువ్వే మొదలు. రేపు మా అమ్మకి వేద్దామనుకున్నా..." అంటూ ఆ పిల్ల భోరుమంది.

టైలరమ్మ తిట్లన్నీ మింగేసి పక్కన కూర్చుంది. ఆ పిల్ల కళ్లు తన కొంగుతో తుడిచింది.

"మీ అమ్మ అదృష్టవంతురాలు," అంది. "ఆ సూదుల సంచి ఇటియ్యి."