చౌడప్ప కారుకు కాక పుట్టించిందెవరు?

మా వీధి చౌడప్పకి ఒకటే గుణం. ఆయప్ప కారులో నూనె వేడెక్కిందంటే దానికి కారణం ఇంజను కాదు, ఎండ కాదు, ఊర్లో ఎవరో ఒక మనిషి. ఆ మనిషిని పట్టుకుని నోరారా తిట్టేదాకా ఆయప్పకి అన్నం దిగదు. నూనె వేడి చూపించే సూది ఎర్రగీత తాకిన రోజు మా వీధిలో అందరూ తలుపులు మూసుకుంటారు. నేను మాత్రం బార్లా తెరుస్తా. ఎవరికి మూడిందో చూడకుండా ఉండే గుండె దేవుడు నాకు ఇయ్యలేదు.

కారు గురించి రొంత చెప్పాల. అది జర్మనీ దేశం పందెం కారు. వయసులో చౌడప్పకు జోడీ, రంగులో పండిన నిమ్మకాయ. మా పక్క శనక్కాయలు ఇల్లు పట్టనంత పండే కాలంలో ఆయప్ప మేనమామ నూనె మిల్లు నడిపినాడు. బెంగుళూరులో ఒక దొర తన దేశానికి పోతా పోతా అమ్మితే ఆ మామ కొన్నాడు. మిల్లు పోయింది, మామ పోయినాడు, కారు చౌడప్పకు మిగిలింది. నేల మీద బోర్లా పండుకున్నట్టు ఉంటాది. ఇంజను వెనక, సామాన్లు ముందర, స్టీరింగు ఎడమ పక్క. మా ఊరోళ్లు అలవాటు కొద్దీ కుడి పక్కకు పోయి ఖాళీ సీటుకు దండం పెట్టి మాట్లాడతారు. దానికీ చౌడప్పకు కోపమే.

దానికి నీళ్లు పొయ్యాల్సిన పని లేదు. ఒక ఫ్యాను, దండిగా గాలి, కడుపునిండా నూనె. ఇంజనును చల్లబరిచేది ఆ గాలీ ఆ నూనే.

"మన అనంతపురం జిల్లాకని చేసిన కారు భద్రక్కా ఇది. నీళ్లడగదు," అని నాతో చెప్పి మీసం దువ్వేవాడు.

నీళ్లడగదు గానీ మనుషుల ప్రాణాలడుగుతాదని ఈ చలికాలంలో తెలిసింది. ఎండాకాలమంతా బుద్ధిగా ఉన్న సూది, చలికి దుప్పట్లు కప్పుకునే రోజుల్లో ఎర్రగీత తాకడం మొదలుపెట్టింది. చౌడప్పకి మొదట దొరికింది నేను.

"భద్రక్కా! మిరపకాయలు వేయిస్తాండేది నువ్వేనా?"

"నేనే. ఏం, కారం కావాల్నా?"

"నీ ఘాటంతా నా ఫ్యాను పీల్చుకునింది! నూనె మసిలిపోతాండాది!"

"ఏమప్పా, ఘాటుకు మనుషులు తుమ్ముతారు గానీ ఇంజన్లు తుమ్ముతాయా?"

"తుమ్మే దారి లేకనే కదక్కా అది ఉడికిపోయేది!"

నాకు ఒళ్లు మండింది. ఈ ఊరికి కోడలుగా వచ్చినప్పటి నుంచి అదే పొయ్యి, అదే బాణలి. ఏ బస్సూ ఏ లారీ వచ్చి నా మీద పంచాయితీ పెట్టలేదు. ఆ మాటే అంటే, "వాటికి నీళ్లుంటాయి, ఓర్చుకుంటాయి," అని పోయినాడు.

మరుసటి రోజు ట్రాక్టరు ఎర్రన్న వంతు. "నీ వెనకాల నత్త మాదిరి పోయి పోయి నూనె కాగిపోయింది!" అని రోడ్డు మీదనే పట్టుకున్నాడు. "నాది ట్రాక్టరప్పా, గుర్రం కాదు," అని ఎర్రన్న మొత్తుకున్నాడు. ఆ తర్వాత బడి ముందర స్పీడు బ్రేకరు అడిగిన పాపానికి పద్మజ టీచరు. ఆఖరికి తన పెండ్లాం కూడా. ఆయమ్మ కారులో కూర్చుని నిట్టూర్చిందంట. ఆ వేడి గాలి వెనక్కి పోయిందంట!

ఇది నవ్వులాట కాదని గుంతకల్లు జాకబ్ వచ్చినాక తెలిసింది. జాకబ్ రైలింజన్ల షెడ్డులో పనిచేసి రిటైరైనాడు. కోపంలో చౌడప్పకు అన్న. వాళ్లిద్దరూ మంచిగా మాట్లాడుకుంటాంటే కొత్తవాళ్లు విడిపించేదానికి పరిగెత్తుకొస్తారు.

"ఆదివారం బెంగుళూరులో పాతకార్ల ఊరేగింపు," అన్నాడు చౌడప్ప. "ఏండ్ల తరబడి అడిగితే ఈసారి పిలిచినారు. మామ కొన్న ఊర్లో మామ కారును తిప్పాల. బాగు చెయ్యి."

"ఇంకొక్కసారి ఇట్ల కాగిందంటే ఇంజను బిగుసుకుంటాది," అన్నాడు జాకబ్. "ఈ కాలంలో దానికి సామాన్లు యాడ తెస్తావు? కోళ్లగూడు చేసుకో."

మొదట సూదే అబద్ధం చెప్తాందేమో చూడాలన్నాడు. కరోనా కాలంలో మన నొసటికి గురిపెట్టినారే, అట్లాంటి తుపాకి తీసినాడు. ఇంజను మీదికి పట్టినాడు. సూది నిజమే చెప్తాండాది. చౌడప్ప ఆ తుపాకి గుంజుకుని నా మీదికి తిప్పినాడు.

"చూడు జాకబ్, ఈమె దగ్గరికి వస్తేనే అంకె పెరగతాండాది!"

"అది కోపమప్పా! నీ మొగానికి పెట్టుకుని చూడు, ఆ యంత్రం పగిలిపోతాది!"

జాకబ్ ఫ్యాను బెల్టు లాగి చూసినాడు. గట్టిగానే ఉండాది. నూనె తక్కువని పొయ్యబోయి, "ఈ కారుకి ఇంజను తిరగతాంటేనే కొలత చూడాలరా మొద్దోడా," అని తనను తానే తిట్టుకున్నాడు. స్టార్టు చేసి చూస్తే నూనె సరిగ్గా ఉండాది. ఇంక మిగిలింది నూనెను చల్లార్చే గూడు. దాంట్లో పల్చటి రేకులు దగ్గర దగ్గరగా ఉంటాయి, వాటి సందుల్లో గాలి ఆడాల. మూత విప్పితే సందు యాడా లేదు. జాకబ్ లోపల చెయ్యి పెట్టి పిడికెడు పొట్టు బయటికి లాగినాడు. మల్లా పిడికెడు. దిండు కుట్టుకునేంత ఉండాది.

అందులో ఒక గింజ దొరికితే నేను నోట్లో ఏసుకుని కొరికినా. ఉలవ. కొత్త పంట.

మా పక్క ఉలవ కట్టె, అంటే కాయలతో ఎండిన ఉలవ మొక్కలు, కోసి తారు రోడ్డు మీద పరుస్తారు. వచ్చే పోయే బండ్లు తొక్కితే గింజ రాలతాది. అట్ల పరిచినోళ్లను చూస్తే చౌడప్పకి పూనకమే. "రోడ్డేమన్నా మీ నాయన కళ్లమా?" అని ఊరంతా వినపడేటట్టు అరుస్తాడు. ఇప్పుడు సాక్ష్యం పిడికిట్లోనే ఉండాది. ఎవరికి మూడిందో విందామని మేమంతా దగ్గరికి జరిగినాం.

"ఎవురప్పా ఇది రోడ్డు మీద పరిచింది?" అని జాకబ్ ఎగిరినాడు. "పేరు చెప్పు, నేనే పోయి తిట్టొస్తా!"

చౌడప్ప నేలచూపులు చూసినాడు. "గాలికి వచ్చింటాది లే," అన్నాడు.

గాలికా! ఏ సాక్ష్యమూ లేకుండా నా మిరపకాయలకు శిక్ష వేసినోడు, పొట్టు చేతికి దొరికినాక గాలి అంటాడా! ఆ కోపానికి నాకు ముద్ద దిగలేదు. కోపం ఒకవంతు, సంగతేందో తెలియని దురద మూడువంతులు.

శనివారం పొద్దన్నే మబ్బు పట్టింది. చౌడప్ప కారు పాత రోడ్డు పట్టింది. కొత్త రోడ్డు ఊరి బయట నుంచి పడినప్పటి నుంచి ఆ పక్క కాకులు తప్ప ఏవీ తిరగవు. గురుగాకు కోసుకొస్తానని ఇంట్లో చెప్పి నేనూ ఎనకాలే నడిచినా. బయమ్మ చేను ఇంకా రాకముందే అరుపులు వినపడినాయి.

బయమ్మ ఒంటి మనిషి. పొగరులో మాత్రం పదిమంది పెట్టు. రోడ్డు మీద ఉలవ కట్టె పరిచింది. దాని మీద నిమ్మకాయ రంగు పందెం కారు ముందుకు పోతాండాది, వెనక్కి వస్తాండాది. కిటికీలో నుంచి చౌడప్ప తల బయటపెట్టి, "రోడ్డేమన్నా మీ నాయన కళ్లమా?" అని తిడతాండాడు. బయమ్మ కట్టె తిరగేస్తా, "నీ కారేమన్నా మీ తాత రథమా?" అని తిడతాండాది.

నేను బయమ్మను పక్కకు లాగినా. "ఏమే ఇది?"

"కొత్త రోడ్డు పడినాక ఈడికి బండ్లు రావక్కా. చౌడప్ప ట్రాక్టరు పంపిస్తానన్నాడు. నాకేం చేతుల్లేవా, ఊరికే ఎవురితోనూ చేయించుకోనని చెప్పినా. ఆ మరుసటి రోజు నుంచి తిట్టేదానికి వస్తాండాడు. తిట్టుకుంటా పోతాడు, ఆడ తిప్పుకుని మల్లా తిట్టుకుంటా వస్తాడు. తిట్టేవాన్ని రావద్దని ఎట్ల అంటా?"

నేను పోయి కారు ముందర నిలబడినా. బ్రేకు పడింది.

"దిగప్పా! మిరపకాయల ఘాటు అంటివే? నా మిరపకాయలా?"

"భద్రక్కా, రొంత మెల్లగా..."

"అరవద్దని నువ్వు చెప్తాండావా!"

చౌడప్ప మబ్బు చూసినాడు, రోడ్డు మీద ఇంకా మిగిలిన కట్టె చూసినాడు. "వాన పడితే ఇదంతా నాని మొలకెత్తుతాది. ఈయమ్మ ఏడాదంతా ఏం తినాల?"

"ఇంజను బిగుసుకుంటే? రేపు బెంగుళూరు?"

ఆయప్ప సూది వంక చూసినాడు. అప్పుడే సగం దాటింది. "కోళ్లగూడు చేసుకుంటా," అన్నాడు.

నాకు ఇంకా కోపం వచ్చింది. ఇట్లాంటి మనిషిని కడుపారా తిట్టను కూడా కుదరదు కదా! "కారు ఇంటికి తోలుకుపో. జాకబ్‌తో ఆ పొట్టు మల్లా తీయించు. మిగతాది నాకిడిసిపెట్టు."

"నువ్వేం చేస్తావు?"

"నాకు నోరు లేదా?"

నేరుగా పాల కేంద్రానికి పోయినా. "కొత్త రోడ్డు మీద పోలీసులు నిలబడినారంట. హెల్మెట్టు, కాగితాలు, అన్నీ అడుగుతాండారంట," అని ఒక్క మనిషి చెవిలో వేసినా. చూసినా అనలేదు, అంట అన్నా.

అంతే. కొన్నప్పటి నుంచి కాగితం ముఖం చూడని ఎర్రన్న ట్రాక్టరు పాత దారి పట్టింది. పాల ఆటోలు, బడి వ్యాను, పెండ్లి లారీ, మోటారు సైకిళ్లు, అన్నీ దాని ఎనకాలే. మా ఊరి కానిస్టేబులు బామ్మర్ది కూడా అటే పోయినాడు. బయమ్మ కట్టె తిరగేసి తిరగేసి అలిసిపోయింది గానీ, వచ్చిన ప్రతి బండినీ తిట్టడం మాత్రం మానలేదు. సాయంత్రం చినుకులు పడేటప్పటికి ఉలవలు మూటల్లో, మూటలు ఇంట్లో.

ఆదివారం తెల్లారకముందే చౌడప్ప కారు బెంగుళూరికి పోయింది. సోమవారం పొద్దన్నే నా గడప ముందర గర్జన.

"భద్రక్కా! బయటికి రా!"

"ఏమప్పా, బెంగుళూరు బాగా జరిగిందా?"

"బ్రహ్మాండంగా జరిగింది! సూది కదల్లేదు. జనం ఎగబడి ఫోటోలు తీసుకున్నారు. బంపరు కింద ఉలవ కట్టె ఇరుక్కునుంటే, ఇది మీ పక్క అలంకారమా అని అడిగినారు. వాపసు వస్తాంటే కల్యాణదుర్గంలో ఎవరో ఆపి, కొత్త రోడ్డులో పోలీసులుండారు పోవద్దన్నారు. సరే అని పాత రోడ్డుకి తిప్పినా. చూస్తే ఏముంది? ఊర్లో బండ్లన్నీ ఆడనే! ఎర్రన్న ట్రాక్టరు ఎనకాల నేను! నడక కంటే మెల్లగా! సూది పోయి ఎర్రగీత తాకింది! ఎవరక్కా ఈ పుకారు పుట్టించింది? ఎవరు కారణం?"

"నేనే," అన్నా.

ఇన్నేండ్లలో చౌడప్ప పట్టుకున్న దొంగ నిజంగా దొంగ కావడం ఇదే మొదలు. దానికి తోడు ఒప్పుకునింది కూడా.

బయమ్మ పంపిన ఉలవలతో గుగ్గిళ్లు చేసింటి. గిన్నెడు తెచ్చి చేతిలో పెట్టినా. అరుగు మీద కూర్చుని ఒక పిడికెడు నోట్లో పోసుకున్నాడు. నా మిరపకాయల కారం తగిలి మొగం ఎర్రగీత దాటిపోయింది, కండ్లలో నీళ్లు తిరిగినాయి.

"దీనికి కారణం ఎవరప్పా?" అన్నా నేను.

"గాలికి వచ్చింటాది లే అక్కా," అని ఇంకో పిడికెడు తీసుకున్నాడు.