ఆకుపచ్చ గడిలో రాసిన బిడ్డ

మా మనవరాలు శాంతి కాలి కడియం చర్మంలోకి ఒత్తుకుపోయిన రోజే నాకు అనుమానం రావలసింది. రాలేదు. కొడుకు, కోడలు చెరుకు కోతకు మహారాష్ట్ర పోయి, ఆర్నెల్లు గుడారంలో బతికి, రెండేళ్ల పిల్లతో తాండాకు తిరిగొచ్చి అప్పటికి వారం. పిల్ల బుగ్గలు నిండుగా, పాదాలు బొద్దుగా ఉన్నాయి.

"ఒళ్లు చేసింది. దిష్టి తగుల్తది, ఎవరికీ చూపియ్యకు" అంది నా భార్య.

కానీ పిల్ల తినదు, ఆడదు. ఎత్తుకుంటే ఏడుపు.

అంగన్‌వాడీకి తీసుకుపోయాను. టీచర్ మా తాండా పిల్లే. నేను బడి గడప తొక్కలేదు, పాత పేపర్లు చూసి చదువు నేర్చుకున్నాను. ఆమెకు పలక మీద మొదటి అక్షరాలు దిద్దించింది నేనే. పుట్టువెంట్రుకలు తీసేదాకా మా ఇళ్లలో పిల్లల వెండి కడియాలు తీయరు. టీచర్ వాటితోనే తూకం వేసి కార్డులో రాసింది.

"ఆకుపచ్చ గడిలనే ఉంది తాతా. ఫికర్ చెయ్యకు."

కార్డు నేనే చదివాను: ఆకుపచ్చ అంటే సరైన బరువు, ఎరుపు అంటే ప్రమాదం. చదువొచ్చినవాణ్ణి కదా, రాసి ఉన్నదే నిజమనుకున్నాను. బరువు తగ్గిన పిల్లలకిచ్చే ప్రత్యేక ఆహారం మాకు రాలేదు.

ఇరవై రోజులకు పిల్ల కళ్లు తెరవడం మానేసింది. ఆటోలో బాన్సువాడ దవాఖానకు ఉరికాం. డాక్టరమ్మ కడియాలు తీయించి, పాదం మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడి అలాగే నిలిచింది.

"ఇది ఒళ్లు కాదు పెద్దాయనా, ఎడిమా. ఒంట్ల చేరిన నీరు, తూకంల బరువై కనవడ్డది. బిడ్డకు బలమైన తిండి అందలేదు, సివియర్ మాల్‌న్యూట్రిషన్. ఆకుపచ్చ అని ఎవరు రాసిండ్రు?"

వార్డులో రెండు గంటలకోసారి ఎఫ్-75 అనే చికిత్స పాలు, యాంటీబయాటిక్. నాలుగో రోజు బరువు ఇంకా పడిపోయింది.

"బిడ్డ కరిగిపోతుంది, ఇంటికి పోదాం పా" అని నా భార్య లేచింది.

"నీరు దిగుతుందవ్వా, బిడ్డ కాదు. రెండు రోజులు నా మాట ఇను" అని నర్సు ఆపింది.

మధ్యలో వాంతులు. ఆశ వదులుకున్నాం. తొమ్మిదో రోజు పొద్దున పిల్ల నర్సు చేతిలోని పాలగిన్నె ఆకలితో లాక్కుంది.

ఇంటికొచ్చాక టీచర్‌ను నిలదీశాను. "కాళ్లు ఉబ్బినయని నీకు కనవడలేదా బిడ్డా?"

"కనవడ్డది తాతా. ఎరుపు రాస్తే మీటింగ్‌ల నన్నే నిలవెడతరు. వచ్చే నెల రాద్దామనుకున్న."

"వచ్చే నెలదాకా పిల్ల ఉండాలె గదా?"

కరువు రోజుల్లో గంజి కేంద్రాల దగ్గర గరిటె సగమే ముంచి పోసినవాళ్లను చూశాను. వాళ్లు పరాయివాళ్లు, తిట్టి మరచిపోయాను. ఈమెను మరవడం నా వల్ల కావడం లేదు.

శాంతి ఇప్పుడు మేకపిల్లల వెంట ఉరుకుతోంది. రోజూ అదే అంగన్‌వాడీకి తీసుకుపోతాను. అక్కడి గుడ్డు ఆమె పెట్టే భిక్ష కాదు, పిల్ల హక్కు. "తాతా" అని ఆమె పిలిస్తే మాత్రం పలకను.

మీ ఇంట్లో పిల్ల పాదాలు ఉబ్బితే కార్డు రంగు చూసి ఊరుకోకండి. రెండు పాదాల మీదా బొటనవేలితో మూడు లెక్కపెట్టేదాకా నొక్కి వదలండి. గుంట నిలిస్తే ఎవరినీ అడగొద్దు, ఆ రోజే దవాఖానకు పోండి.